పోలో జీటీకి బిల్‌స్టీన్ బీ6 షాకప్స్: సుంకి ఘాట్ మీద నా లెక్క

ముందే తేల్చి చెప్పేస్తాను. ఒరిజినల్ స్ప్రింగులు అలాగే ఉంచి, కారు ఎత్తు మార్చకుండా, మంచి కంపెనీ షాకప్స్ వేయించుకోవడం ఒడిశాలోని మా కొరాపుట్ ఘాట్ రోడ్లకి తగిన ఖర్చే. కారుని కిందికి దించే స్ప్రింగులు, స్ప్రింగూ షాకప్పూ ఒకటిగా ఉండి ఎత్తు తిప్పుకునే కాయిలోవర్లు మాత్రం ఇక్కడ డబ్బిచ్చి కొనుక్కునే తలనొప్పి. ఈ రెండిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. దాన్ని దాదాపు అందరూ దాటేస్తారు. అందుకే దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

బండి 2015 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. పోర్షేలు, మస్టాంగులు ఉన్నవాళ్ళు దీన్ని స్పోర్ట్స్ కారు అంటే నవ్వుతారు. నవ్వనివ్వండి. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, 105 పీఎస్ పవరు, 175 ఎన్ఎం టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. పదకొండు వందల కిలోల దరిదాపుల్లో ఉండే బండికి ఆ ఇంజను చాలు, ఘాట్ ఎక్కేటప్పుడు లారీల వెనక ఇరుక్కున్నా సందు దొరికితే చాలు, బయటపడిపోవచ్చు. 2022లో పోలో తయారీ ఇక్కడ ఆగిపోయింది కాబట్టి దీన్ని అమ్మేసి ఇంకో కొత్తది తెచ్చుకునే దారి లేదు. ఉన్నదాన్నే బాగా చూసుకోవాలి.

మాది జయపురం. రైస్ మిల్లు స్పేర్ పార్టుల షాపు. సరుకు కోసం విజయనగరం, విశాఖ తరచుగా వెళ్ళి రావాలి. జయపురం నుంచి కొరాపుట్‌కి ఒక ఘాట్ ఎక్కి, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా కొండల మీదే సాగి, సుంకి దాటాక సాలూరు వైపు రెండో ఘాట్ దిగాలి. ఆ దిగుడు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సాలూరు అంటేనే లారీల ఊరు. లోడు బళ్ళు మలుపు ముందు బ్రేకు తొక్కీ తొక్కీ, సరిగ్గా మనం కూడా బ్రేకు తొక్కాల్సిన చోటే తారు అలలు అలలుగా లేచిపోయి ఉంటుంది. ఇంజను ఎంత బలమైనదైనా సరే, కారు బాగోగులు తేలేది ఆ పది గజాల్లోనే.

తొంభై వేల కిలోమీటర్లు దాటేసరికి నా బండి ఆ అలల మీద ముందు చక్రాలు ఎగరేయడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గరగరమని ముందే పనిలోకి దిగేది. బానెట్ మూల మీద బరువేసి వదిలితే ఒక్కసారి లేచి ఆగేది కాబట్టి షాకప్స్ బాగున్నాయనే అన్నారు చూసినవాళ్ళు. ఆ పరీక్ష పూర్తిగా చచ్చిన షాకప్‌ని మాత్రమే పట్టిస్తుంది, సగం పోయినదాన్ని పట్టించదు. టైరు మీద అరచేతితో రాసి చూడండి. రబ్బరు ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా చేతికి తగిలితే చక్రం రోడ్డుని వదిలి వదిలి తిరుగుతోందన్నమాట. నాకు తగిలింది. చక్రం విప్పి చూస్తే కుడివైపు షాకప్ ఒంటి మీద నూనె కారి, దుమ్ము పట్టి నల్లటి మడ్డి కట్టి ఉంది.

విశాఖలో ఒక మోడిఫికేషన్ గ్యారేజీకి తీసుకెళ్తే, కుర్చీలో కూర్చోకముందే, "సార్, స్టాక్ సస్పెన్షన్ వేస్టు. కాయిలోవర్స్ వేసేయండి, మీకే తెలుస్తుంది తేడా" అన్నారు. తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? తొంభై వేలు తిరిగి నూనె కారుతున్న షాకప్ పక్కన డబ్బాలోంచి తీసిన కొత్త సరుకు ఏది పెట్టినా గెలుస్తుంది. కంపెనీ సస్పెన్షన్ బాగోలేదనే వాళ్ళలో చాలామంది తిట్టేది కంపెనీ సస్పెన్షన్‌ని కాదు, అరిగిపోయిన సస్పెన్షన్‌ని. పోల్చాలనుకుంటే కొత్తదాన్ని కొత్తదానితో పోల్చాలి.

అందుకే మొదట రబ్బరు పని పెట్టుకున్నాను. ముందు చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, షాకప్ పైన ఉండే టాప్ మౌంట్లు, వాటి బేరింగులు, షాకప్ పూర్తిగా కూరుకుపోకుండా ఆపే బంప్ స్టాపులు, ఒరుగుని అదుపు చేసే స్టెబిలైజర్ బారు లింకులు, వెనక యాక్సిల్ బుష్‌లు. ఇవన్నీ కలిపినా ఒక మంచి షాకప్ జత ధరలో సగం కూడా కాలేదు. రైస్ మిల్లులో జల్లెడ కింద రబ్బరు మెత్తబడితే జల్లెడ ఫ్రేము మొత్తం పిచ్చెక్కినట్టు ఊగుతుంది, మిల్లు వాళ్ళు వచ్చి మోటారు పోయిందేమో అంటారు. కారు కిందా అంతే. ఆర్మ్ బుష్ చీలితే బ్రేకు తొక్కినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, స్టీరింగ్ పక్కకి లాగుతుంది, మనం మాత్రం షాకప్స్‌నీ టైర్లనీ అనుమానిస్తాం.

బుష్‌లు వేయడంలో ఒక కిటుకుంది, దాన్ని మాత్రం దగ్గరుండి చేయించుకోండి. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కిందికీ పైకీ ఊగినప్పుడు గొట్టం లోపల తిరగదు, రబ్బరే మెలిపడుతుంది. బండిని జాకీ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, రబ్బరుకి అదే మామూలు స్థితి అయిపోతుంది. తర్వాత కారు నేల మీదికి దిగగానే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది, బండి కూడా కాస్త బిర్రుగా నిలబడుతుంది. బోల్టుని ముందు వదులుగా పెట్టి, బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు వేయాలి.

జయపురంలో మా మేస్త్రికి ఈ మాట చెబితే ఒప్పుకోలేదు. "ఇన్నేళ్ళూ జాకీ మీదే బిగించాను బాబూ, ఏ బండీ తిరిగి రాలేదు" అన్నాడు. వాదన ఎందుకని పాత బుష్‌ని వైస్‌లో పట్టించి, లోపలి గొట్టంలో రాడ్డు పెట్టి తిప్పమన్నాను. కొంచెం తిరిగింది, చెయ్యి వదలగానే వెనక్కి వచ్చింది. ఇంకాస్త గట్టిగా తిప్పితే రబ్బరు అంచు మీద చీలిక నోరు తెరిచింది. ఆయన దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, ఇంకేం మాట్లాడకుండా కుర్రాణ్ణి పిలిచి బండిని గొయ్యి మీదికి తోయించాడు. గొయ్యిలో దిగి, బండి తన చక్రాల మీద నిలబడి ఉండగానే అన్నీ బిగించాడు. చేతిపనిలో ఆయనకి సాటి లేరు, మర్చిపోకుండా అది కూడా రాయాలి.

ఇక షాకప్స్. చాలామంది కలిపేసే రెండు సంగతులు విడదీసి చెబుతాను. కారు బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటని చంపేది షాకప్. కారు ఎంత ఎత్తులో ఉండాలి, మలుపులో ఎంత ఒరగాలి అన్నది స్ప్రింగులూ, స్టెబిలైజర్ బారూ తేలుస్తాయి. ఎంత వేగంగా ఒరుగుతుంది, గతుకు తగిలాక ఎన్ని ఊపుల్లో ఆగుతుంది అన్నది షాకప్ చేతిలో ఉంటుంది. కాబట్టి షాకప్స్ మారిస్తే పొడవాటి మలుపులో ఒరుగు తగ్గిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నా బండి ఇప్పటికీ అంతే ఒరుగుతుంది. కాకపోతే తూలి పడినట్టు ఒరగదు, చెప్పి ఒరుగుతుంది.

బిల్‌స్టీన్ జర్మనీ కంపెనీ, పోర్షే లాంటి వాళ్ళకి ఫ్యాక్టరీ సరుకు కూడా ఇస్తుంది. వీళ్ళ నంబర్లు కొంచెం తికమక పెడతాయి. బీ4 అంటే ఒరిజినల్ స్థాయి సరుకు. బీ6 అంటే ఒరిజినల్ స్ప్రింగుతోనే నడిచే గట్టి మోనోట్యూబ్. బీ8 అంటే దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసినది. బీ12 అంటే బీ8కి ఐబాక్ కంపెనీ స్ప్రింగులు జోడించిన కిట్. బీ14, బీ16 కాయిలోవర్లు. నేను తీసుకున్నది బీ6, నాలుగు చక్రాలకీ. డబ్బా విప్పగానే పచ్చగా మెరిసే ఆ గొట్టాలు చూసి మేస్త్రి, "పసుపు రాసి మరీ తెచ్చారా బాబూ" అన్నాడు.

మోనోట్యూబే ఎందుకంటే, ఘాట్. మామూలు షాకప్‌లో రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉంటాయి. పిస్టను లోపలి గొట్టంలో ఆడుతుంది, నూనె రెండిటి మధ్యా తిరుగుతుంది, పైన గాలో తక్కువ ఒత్తిడి గ్యాసో ఉంటుంది. గతుకుల మీద ఆగకుండా ఆడితే నూనె కాగి, గ్యాసు కలిసి నురగ కడుతుంది. నురగ కట్టిన నూనె పిస్టనుని ఆపలేదు. మోనోట్యూబులో గొట్టం ఒక్కటే. నూనెకీ, ఎక్కువ ఒత్తిడితో నింపిన నైట్రోజన్‌కీ మధ్య జరిగే బిళ్ళ ఒకటి అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండూ కలవవు. నూనె వేడి గొట్టం గోడ దాటితే నేరుగా బయటి గాలికి పోతుంది. ఇదేం నిన్నటి సంగతి కాదు, 1950లలోనే మెర్సిడెస్ కార్లకి ఈ రకం ఎక్కింది. చదునైన రోడ్డు మీద ఊళ్ళో తిరిగే బండికి ఈ తేడా కోసం డబ్బు పెట్టడం అనవసరం. సుంకి నుంచి సాలూరు దాకా దిగేవాళ్ళకి అవసరం.

బిగింపులో రెండు జాగ్రత్తలు. షాకప్ రాడ్డు పైన నట్టుని గాలి గన్నుతో బిగించనివ్వకండి. రాడ్డు లోపల పిస్టనుతో సహా గిర్రున తిరిగి సీలు పాడవుతుంది. రాడ్డుని కీతో పట్టి, నట్టుని స్పానర్‌తోనే తిప్పాలి. రెండోది, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ సస్పెన్షన్ బోల్టుల్లో కొన్ని ఒకసారి విప్పితే మళ్ళీ వాడేవి కావు. కొత్తవి ముందే తెప్పించుకోండి, గొయ్యి మీద బండి పెట్టుకుని విశాఖకి ఫోను చేస్తూ కూర్చోకండి. ముందు షాకప్, స్ప్రింగు కలిసి ఉండే స్ట్రట్ విప్పాక చక్రాల అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదు.

ఇప్పుడు నడక. సుంకి దిగుడులో ఆ తారు అలల మీద బ్రేకు తొక్కితే బండి ఒక్కసారిగా ముక్కు వంచదు, చక్రాలు రోడ్డుని పట్టుకునే ఉంటాయి, ఏబీఎస్ తన పని వచ్చేదాకా ఊరుకుంటుంది. హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి తిప్పినప్పుడు ఇదివరకు కారు ఒక క్షణం ఆలోచించేది. ఆ ఆలోచన పోయింది. ఎనభైలో పొట్టంగి దగ్గర అతుకులేసిన రోడ్డు మీద వెళ్తుంటే, కొత్తలో కారు ఎలా ఉండేదో దానికంటే బాగుందనే అంటాను. వానాకాలం మంచు పట్టినప్పుడు ముందేముందో కనబడని చోట హఠాత్తుగా గొయ్యి తగిలినా బండి పక్కకి గెంతదు, నేను కొనుక్కున్నది అందుకే.

ఊళ్ళో మాత్రం వేరే కథ. జయపురం బజారులో ఇరవై స్పీడులో వెళ్తే రోడ్డు మీద ప్రతి రాయీ పలకరిస్తుంది. చిన్న చిన్న గతుకుల్ని పాత షాకప్స్ మింగేసేవి, ఇవి మింగవు. వెనక సీట్లో మా అమ్మ కూర్చుంటే, "ఏటిరా, అంత డబ్బు పోసి బండిని ఎడ్లబండి చేసేవా" అంటుంది. ఆవిడ అనడంలో తప్పేం లేదు. ముసలివాళ్ళు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు రోజూ ఎక్కే బండి అయితే బీ4 గానీ, సాక్స్ వాళ్ళ ఒరిజినల్ తరహా షాకప్స్ గానీ వేసుకోండి. ధర కూడా బాగా తగ్గుతుంది, రబ్బరు పని చేయించాక అవే మీకు కొత్త బండిలా అనిపిస్తాయి. నిజానికి పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పే సలహా అదే. కోనీ స్పెషల్ యాక్టివ్ అని ఒక రకం ఉంది, చిన్న గతుకులకి మెత్తగా, పెద్ద కదలికలకి గట్టిగా ఉండేలా అదనపు వాల్వు పెడతారు. ఊరూ ఘాటూ రెండూ సమానంగా తిరిగేవాళ్ళు అది కూడా చూసుకోవచ్చు.

మరి దించిన కారు? అది కూడా ఇదే రోడ్డు మీద చూశాను. విశాఖలో ఉండే మా బావమరిదిదీ పోలో జీటీయే. దించే స్ప్రింగులు వేయించాడు. బీచ్ రోడ్డు మీద చూడ్డానికి బాగుంటుంది, కాదనను. పండక్కి నలుగురితో, డిక్కీ నిండా సామానుతో జయపురం వచ్చాడు. కంపెనీ లెక్కన ఖాళీ బండి నేలకి 165 మిల్లీమీటర్ల ఎత్తు. ఇండియా రోడ్ల కోసం పోలోని యూరప్ బండి కంటే ఎత్తుగా తయారు చేశారు, స్ప్రింగుల డబ్బా మీద ముప్పై మిల్లీమీటర్లు అని ఉంటే అది యూరప్ బండి లెక్క, ఇక్కడ ఇంకా ఎక్కువే దిగుతుంది. పైన నలుగురి బరువు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుండి, 3.7 మీటర్ల వెడల్పున నెమ్మదిగా లేచి దిగాలి. ఊళ్ళలో పోసేవి కొలతలు చూసి పోస్తారా? సెమిలిగుడ నుంచి జయపురం దాకా ప్రతి బ్రేకర్ దగ్గరా అందర్నీ దింపి, కారుని అడ్డంగా ఎక్కించుకుంటూ వచ్చాడు. మా ఆవిడ గుమ్మంలోనే, "ఏరా, కారులో వచ్చావా, నడిచొచ్చావా" అనడిగింది.

పొట్ట తగలడం ఒక్కటే కాదు సమస్య. పోలోకి ముందున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఫోర్డ్‌లో పనిచేసిన ఇంజనీర్ ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మీద వచ్చిన ఈ పద్ధతిలో కింద ఒకే ఒక్క ఆర్మ్ ఉంటుంది. కారుని దించితే ఆ ఆర్మ్ బయటి కొస పైకి లేచిన వంపులోకి పోతుంది. అప్పుడు కారు బరువు కేంద్రం ముప్పై మిల్లీమీటర్లు దిగితే, కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరిగితే ఒరిగించే బలం పెరుగుతుంది. దాన్ని ఆపడానికి స్ప్రింగు ఇంకా గట్టిది కావాలి. గట్టి స్ప్రింగుకి పాత షాకప్ చాలదు, అదీ మార్చాలి. పైగా షాకప్ ఆడే జాగా తగ్గిపోయి, సుంకి మలుపులో గతుకు తగిలితే నేరుగా బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మలుపు మధ్యలో ఒక చక్రం అలా కూర్చుంటే బండి బయటికి జారుతుంది. రేసు ట్రాక్ కోసం ఇవన్నీ లెక్కలు కట్టి తయారు చేసిన కేడబ్ల్యూ లాంటి కాయిలోవర్ల గురించి నేను చెడ్డగా చెప్పను, ట్రాక్ మీద వాటి పని వాటిదే. మన దగ్గర అలాంటి నేల లేదు.

అసలైన స్పోర్ట్స్ కార్లున్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. పోర్షేలో పీఏఎస్ఎం, ఆడి టీటీలో మాగ్నెటిక్ రైడ్ లాంటివి ఉంటే, ఆ షాకప్స్ కంప్యూటర్ చెప్పినట్టు క్షణక్షణం గట్టిదనం మార్చుకుంటాయి. మాగ్నెటిక్ రకంలో నూనెలో ఇనుప రేణువులుంటాయి, కరెంటు పారితే నూనె చిక్కబడుతుంది. వాటిని పీకి మామూలు కాయిలోవర్లు పెడితే డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వెలుగుతుంది, దాన్ని ఆపడానికి ఇంకో పరికరం కొనాలి. లక్షలు పోసి కొన్న తెలివిని లక్షలు పోసి తీసేయడం ఎందుకో నాకైతే అర్థం కాదు. వాటికి అరుగుదల వస్తే అదే రకం కొత్తవి వేసుకోవడమే మేలు.

చట్టం సంగతి రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఎత్తు మారని షాకప్స్ అరిగే పార్టు బదులు వేసిన పార్టే కాబట్టి నాకు టెన్షన్ లేదు. అయినా ఇన్సూరెన్స్ వాళ్ళకి బిల్లు జతచేసి మెయిల్ పెట్టాను, రేపు ఏదైనా అయితే వాళ్ళకి వంక దొరక్కూడదు. దించిన బండితో రాష్ట్రం సరిహద్దు దాటేవాళ్ళు మాత్రం తమ సంగతి తాము చూసుకోవాలి.

ఖర్చు, షాకప్స్, రబ్బరు, బోల్టులు, మజూరీ, అలైన్‌మెంట్ అన్నీ కలిపి లక్ష దాటలేదు గానీ దాని పక్కదాకా వచ్చింది. ఆ డబ్బు లేకపోతే రబ్బరూ, ఒరిజినల్ తరహా షాకప్సూ, నాలుగు మంచి టైర్లూ, ఈ వరసలో.

ఒకవేళ ఎవరెన్ని చెప్పినా స్ప్రింగులు మార్చి తీరాలనుకుంటే, మీ ఒరిజినల్ స్ప్రింగులు అటకెక్కించి దాచుకోండి. మా బావమరిది వాటిని తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. మొన్న ఫోను చేసి, "బావా, మీ జయపురంలో ఏదైనా యాక్సిడెంట్ పోలో అమ్మకానికి వస్తే చెప్పు, స్ప్రింగులు కావాలి" అన్నాడు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నాలుగూ కావాలి.